రోజూ కొత్తగా ప్రారంభమయ్యే 38-డి

బస్సు రావడం వార్త కాదు, రాకపోవడం వార్త. ఈ అన్యాయానికి మా నగర రవాణా మండలి చాలా ఏళ్లుగా లోలోపల కుమిలిపోతోంది. నేను మండలిలో చేరి అప్పటికి పద్దెనిమిది రోజులు. పేరు ప్రణవి, చదివింది జర్నలిజం, ఉద్యోగం ప్రజాసంబంధాల విభాగంలో పదకొండు నెలల కాంట్రాక్టు. నా పని, పొద్దున్నే తొమ్మిది పేపర్లు తిరగేసి బస్సు అనే మాట కనిపించిన ప్రతిచోటా కత్తిరించి చైర్మన్ గారి బల్ల మీద పెట్టడం. బల్ల మీద రెండు ట్రేలు ఉంటాయి. ఆకుపచ్చది మంచి వార్తలకి, ఎర్రది చెడ్డ వార్తలకి. ఎర్ర ట్రే నిండి పొంగిపోయి పక్కన ఇంకో ఎర్ర ట్రే పెట్టాల్సొచ్చింది. ఆకుపచ్చ ట్రేలో చైర్మన్ గారు తన కళ్లజోడు పెట్టుకునేవారు.

పద్దెనిమిది రోజుల కత్తిరింపులన్నీ ఒక ఆదివారం ఇంట్లో నేలంతా పరుచుకుని కూర్చున్నాను. నూట నలభై మూడు చెడ్డవి, రెండు మంచివి. ఆ రెండూ చూస్తే నాకు ఒళ్లు జలదరించింది. ఒకదాంట్లో ఒక పెద్దమనిషి పచ్చజెండా ఊపుతున్నారు, రెండోదాంట్లో ఇంకో పెద్దమనిషి పచ్చజెండా ఊపుతున్నారు. అంతే, దొరికేసింది. బస్సు నడిస్తే ఎవరూ రాయరు, బస్సు ఆగితే తిడుతూ రాస్తారు, బస్సు ప్రారంభమైతే మాత్రం ఫొటోతో సహా వేస్తారు. అరపేజీ నోట్ రాసేసి సోమవారం పొద్దున్నే మా విభాగాధిపతి చక్రపాణి గారి చేతిలో పెట్టాను.

చక్రపాణి గారు దాన్ని మూడుసార్లు చదివి, నోట్‌లో దార్శనికత ఉందిగానీ మండలి దగ్గర కొత్త బస్సులు లేవనీ, ఉన్న పాత బస్సుల్లో కూడా కొన్ని ఉన్నాయని అనడం కష్టమనీ చెప్పారు. అయినా నన్ను చైర్మన్ గారి గదికి తీసుకెళ్లారు.

"బస్సు కొత్తది కానక్కర్లేదు సార్," అన్నాను. "బయల్దేరడం కొత్తదైతే చాలు. అది ఎలాగూ రోజూ కొత్తగానే బయల్దేరుతుంది కదా."

చైర్మన్ గారు ఆకుపచ్చ ట్రేలోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నారు. నేను చేరిన తర్వాత ఆయన కళ్లజోడు పెట్టుకుని నన్ను చూడడం అదే మొదటిసారి.

సాయంత్రానికి సర్క్యులర్ వచ్చేసింది. "ఇందుమూలముగా సమస్త డిపో మేనేజర్లకు తెలియజేయునది ఏమనగా, వచ్చే నెల ఒకటవ తేదీ నుండి ప్రతి ట్రిప్పును ముఖ్య అతిథి, రిబ్బను, కొబ్బరికాయ, శాలువా, కనీసం ఒక కెమెరా సమక్షమున జెండా ఊపి మాత్రమే ప్రారంభించవలెను. పై వాటిలో ఏ ఒక్కటి లోపించినను సదరు ట్రిప్పు జరిగినట్లు పరిగణింపబడదు." నా నోట్‌లో ఉన్న ఊహకి ఇంత గంభీరమైన గొంతు వస్తుందని నాకు తెలీదు. ఆ కాగితం ఫొటో తీసి ఇంట్లోవాళ్లకి పంపేశాను. మొదటి ప్రారంభోత్సవం ఏ రూటుకి చేద్దామని చక్రపాణి గారు అడిగితే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నేను రోజూ ఎక్కే 38-డి పేరు చెప్పేశాను. నా బస్సుకి నేను చేసే గౌరవం అనుకున్నాను.

38-డి మా మెట్టకాలనీ నుంచి పెద్దాసుపత్రి మీదుగా మండలి ఆఫీసు దాకా వెళ్తుంది. పొద్దున్న ఆరు నలభైకి మొదటి ట్రిప్పు. పందొమ్మిదేళ్లుగా నడుస్తోంది. కండక్టరమ్మ వరహాలు గారు విజిల్ వేశారంటే వాచీలు సరిచేసుకోవచ్చు. ఆ బస్సులో డ్రైవర్ వెనక రెండో సీటు నాది, అంటే నాకోసం పైడితల్లి ఆపి ఉంచేది. మా వీధిలోనే మూడో ఇల్లు, పెద్దాసుపత్రిలో పురుళ్ల వార్డులో కాంట్రాక్టు ఆయా. ముందుగా ఎక్కి పక్క సీట్లో టిఫిన్ సంచీ పెట్టేది, ఎవరైనా అడిగితే మనిషి ఉందని చెప్పేది. ఆసుపత్రి గేటు దగ్గర వేలిముద్ర మిషన్ ఏడున్నరకి మూసుకుపోతుంది. నెలలో మూడుసార్లు ఆ మిషన్‌కి వేలు అందకపోతే కాంట్రాక్టరు పేరు కొట్టేసి ఇంకొకరిని పెట్టుకుంటాడు. ఆరేళ్లలో పైడితల్లి ఒక్కసారి కూడా ఆలస్యం అవలేదు. ప్రయాణం ముప్పై నాలుగు నిమిషాలు. ఆరు నలభైకి కదిలితే ఏడుం పావుకల్లా గేటు దగ్గర ఉంటుంది, మిగిలిన పావుగంటలో టీ తాగుతుంది. ఆ పావుగంట తప్ప రోజు మొత్తంలో కూచోడానికి ఉండదని నాతో చాలాసార్లు చెప్పింది.

ఒకటో తేదీన మా స్టాపు చూడాలి. అరటి గెలలు, మామిడాకులు, మైకు. బస్సు మూతికి బంతిపూల దండ వేసేసరికి డ్రైవర్‌కి రోడ్డు సగమే కనిపిస్తోందట. జనం ముచ్చటగా చూశారు. వచ్చే ముఖ్య అతిథి మాజీ కార్పొరేటర్. ఆరున్నరకి రావాల్సినవారు ఏడింటికి వచ్చారు, అదేమీ ఆలస్యం కాదని, ముఖ్య అతిథి ఎప్పుడొస్తే అదే ముహూర్తమని చక్రపాణి గారు మైకులో వివరించారు. తర్వాత మాజీ కార్పొరేటర్ మాట్లాడుతూ ఈ కాలనీకి బస్సు తేవాలన్నది తన చిరకాల స్వప్నమని చెప్పారు. పందొమ్మిదేళ్లుగా అదే బస్సులో తిరుగుతున్న జనం చప్పట్లు కొట్టారు.

మా ఫొటోగ్రాఫర్ జోగారావు నేర్పరి. అందర్నీ ఇటు జరగండి, అటు జరగండి అంటూ వరసలో నిలబెట్టి, శాలువా కనబడేలా, జెండా మొహానికి అడ్డం రాకుండా, అతిథి పక్కన చైర్మన్ గారు, చైర్మన్ గారి పక్కన చక్రపాణి గారు వచ్చేలా నొక్కాడు. బస్సు ఏడు ఇరవైకి కదిలింది. పైడితల్లి టిఫిన్ సంచీ ఒళ్లో పెట్టుకుని ముందున్న కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఏడు యాభై నాలుగుకి దిగింది. ఆ నెలలో ఒకటో ఆలస్యం ఒకటో తేదీనే పడింది.

మర్నాడు ఐదు పేపర్లలో ఫొటో వచ్చింది. "మెట్టకాలనీకి బస్సు సౌకర్యం." ఫొటోలో తొమ్మిది మంది పెద్దమనుషులు ఉన్నారు. బస్సు లేదు. బాగా వెతికితే ఎడమ అంచున సైడు అద్దం ముక్క ఒకటి ఉంది. చైర్మన్ గారు ఐదు కత్తిరింపుల్నీ తన చేత్తోనే ఆకుపచ్చ ట్రేలో సర్దుకున్నారు.

సర్క్యులర్‌ని మిగతా అన్ని రూట్లలోనూ వెంటనే అమలు చేయాలని ఆ రాత్రికి రాత్రే ఆదేశాలు వెళ్లిపోయాయి. అప్పుడు బయటపడింది అసలు చిక్కు. మండలికి రోజుకి పద్దెనిమిది వందల ట్రిప్పులు. నగరంలో ముఖ్య అతిథులు, బతికున్నవాళ్లు, తిరగగలిగినవాళ్లు, అందరినీ కలిపినా మూడు వందలు దాటలేదు. ఈ పరిస్థితికి చక్రపాణి గారు "ప్రముఖుల లభ్యతా సంక్షోభం" అని పేరు పెట్టారు. పేరు పెట్టగానే సగం పరిష్కారం అయినట్టు అందరికీ అనిపించింది. ప్రముఖుల్ని మూడు తరగతులుగా విభజించారు. మొదటి తరగతి పదవిలో ఉన్నవారు, రెండో తరగతి పదవిలో ఉండినవారు, మూడో తరగతి ఉండవలసినవారు. ఈ మూడో తరగతిలో రిటైరైన తహసీల్దార్లు, ఉదయపు నడక సంఘం అధ్యక్షుడు, పూల ప్రదర్శనలో బంతిపూల విభాగం ద్వితీయ బహుమతి విజేత, ఇలా ఎందరో చేరారు. నేనే కూర్చుని జాబితా టైప్ చేశాను. తెల్లారి చూస్తే నగరంలో ప్రముఖులు కానివాళ్లు చాలా తక్కువ మంది మిగిలినట్టు కనిపించారు.

వాళ్లంతా సమయానికి ఎలా వస్తారని డిపో మేనేజర్ ఒకాయన అడిగాడు. బస్సుల్లో వస్తారని చక్రపాణి గారు చెప్పారు. మన ముఖ్య అతిథులు మన బస్సుల్లో వస్తే అది ఇంకో మంచి వార్త అని కూడా చెప్పారు.

ఇరవయ్యో తేదీ దాకా మా స్టాపుకి దగ్గర్లోని అతిథులే దొరికారు కాబట్టి 38-డి ఐదో పదో నిమిషాల తేడాతో కదిలింది, పైడితల్లికి టీ పోయినా వేలు అందింది. ఇరవై ఒకటో తేదీన ఆ ఇంకో మంచి వార్త మా స్టాపుకి తగిలింది. ఆరు నలభై అయింది. బస్సు ఉంది, డ్రైవర్ ఉన్నాడు, వరహాలు గారు విజిల్ నోట్లో పెట్టుకుని ఉన్నారు, జోగారావు కెమెరా తుడుచుకుంటున్నాడు. ముఖ్య అతిథి, రిటైర్డ్ తహసీల్దారు సోమయాజులు గారు రాలేదు. ఫోన్ చేస్తే లైట్‌హౌస్ వీధి స్టాపులో ఉన్నానన్నారు. ఆయన ఎక్కాల్సిన 12-ఎ ఇంకా కదల్లేదు, దానికి ముఖ్య అతిథి రాలేదట. ఆ ముఖ్య అతిథి ఎవరయ్యా అని జాబితా తీస్తే ఉదయపు నడక సంఘం అధ్యక్షుడు నీలాచలం గారు. ఆయన ఎక్కడున్నారంటే మా స్టాపులోనే, మా క్యూలోనే, తెల్ల లాల్చీలో, 38-డి కదిలితే ఎక్కి 12-ఎని ప్రారంభించడానికి వెళ్దామని నిలబడి ఉన్నారు.

అయ్యా, మీరే ముఖ్య అతిథి కదా, మా బస్సుకి కూడా ఒకసారి జెండా ఊపేయండి అని వరహాలు గారు అడిగారు. ఆయన నొచ్చుకున్నారు.

"నా నియామక పత్రంలో 12-ఎ అని స్పష్టంగా ఉందమ్మా. ఇక్కడ ఊపితే అది పరిధి అతిక్రమణ అవుతుంది. రేపు సోమయాజులు గారి మొహం ఎలా చూడను?"

పైడితల్లి వాచీ లేని చెయ్యి చూసుకుని, నా చెయ్యి పట్టుకుని నా వాచీ చూసింది.

"ఏటి తల్లీ ఇది. ఆరేళ్లనుంచి ఆరు నలబైకి ఎలిపోయే బస్సు, పూలదండ ఏసినకాడినుంచీ కదల్నంటాది. దండ తీసేత్తే ఎల్తాదేమో సూడరాదూ."

నేను నవ్వలేదు, ఎందుకంటే ఆ నోట్ రాసింది నేనే. అది ఇంకా తనకి చెప్పలేదు. చివరికి సోమయాజులు గారు ఆటోలో వచ్చారు, బస్సుని ప్రారంభించడానికి ఆటోలో. ఆ సంగతి చూసిన నీలాచలం గారు కూడా ఆటో మాట్లాడుకుని 12-ఎని ప్రారంభించడానికి వెళ్లిపోయారు. 38-డి ఏడు నలభైకి కదిలింది. రెండో ఆలస్యం. ఆ రోజు బస్సు దిగేటప్పుడు పైడితల్లి, ఇంకొక్కటి ఉందని వేలు చూపించింది. పురుళ్ల వార్డులో ఆరేళ్లలో ఎన్ని వందల మందికి మొదటి స్నానం చేయించిందో ఆ వేలితోనే లెక్క చెప్తుంటుంది ఎప్పుడూ.

ఆఫీసుకి వెళ్లగానే చక్రపాణి గారి గదికి పరిగెత్తాను. సార్, పొద్దున్నపూట మొదటి ట్రిప్పుకి మినహాయింపు ఇవ్వండి, ఉద్యోగాలు పోతున్నాయి అన్నాను. ఆయన నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించి, ప్రజల సమస్యలు తనకి తెలియనివి కావని, అందుకే ప్రజల సమస్యల పరిష్కార వారోత్సవాన్ని కూడా జెండా ఊపి ప్రారంభించబోతున్నామని చెప్పారు. పైగా ఆ నెల ఎర్ర ట్రేలోకి ఒక్క కాగితం కూడా రాలేదని చూపించారు. అది నిజమే. బస్సు ఆలస్యమైందని రాయాల్సిన విలేకర్లందరూ ప్రారంభోత్సవాల్లో ఉన్నారు.

మిగతా రోజులు ఎలాగో వేలు అందుతూ ఇరవై తొమ్మిదో తేదీ వచ్చింది. పొద్దున్న నేను ఆరింటికే స్టాపుకి వెళ్లాను. పైడితల్లి నాకంటే ముందు వచ్చి క్యూలో మొదటి మనిషిగా నిలబడింది. బస్సు ఏడుకి ఐదు నిమిషాల ముందు కదిలితే చాలు, ఆసుపత్రి గేటు అందుతుంది. ఆ తర్వాత ఎప్పుడు కదిలినా ఆరేళ్ల ఉద్యోగం అయిపోయినట్టే. ముఖ్య అతిథి ఆ రోజు ఆరుం పావుకే వచ్చేశారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన బంతిపూల విభాగం ద్వితీయ బహుమతి విజేత, పేరు పట్టాభి గారు. చాలా మర్యాదస్తుడు. జేబులోంచి ఉపన్యాసం తీశారు. తొమ్మిది పేజీలు, రెండు వైపులా రాసి ఉంది.

మొదటి పేజీలో ఆయన విత్తనాల ఎంపిక గురించి చెప్పారు. ఆరు నలభై దాటింది. రెండో పేజీ మొదటి వైపు ఎరువుల గురించి. వరహాలు గారు నా వైపు చూస్తున్నారు. పైడితల్లి ఎవరి వైపూ చూడటం లేదు, నేల వైపు చూస్తోంది. మెల్లగా దగ్గరికి వెళ్లి, పిన్నీ, ఈ ప్రారంభోత్సవం ఊహ నాదే అని చెప్పేశాను. ఎందుకు అప్పుడే చెప్పానో నాకు తెలీదు.

తను టిఫిన్ సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"సదూకున్నదానివి కదా తల్లీ," అంది. "ఏదో మంచికే అనుకునుంటావు. నాను తిట్టనులే. తిడితే టైము ఎనక్కి తిరుగుతాదేటి."

తిట్టినా బాగుండేది. అప్పుడే జోగారావు తన అలవాటు ప్రకారం ఫొటోకి జనాన్ని సర్దుతున్నాడు. సార్ కొంచెం ఇటు జరగండి, బస్సు అడ్డమొస్తోంది అంటున్నాడు. నెలంతా రోజూ విన్న మాటే. ఆ రోజు మాత్రం నా చెవిలో వేరేగా పడింది. బస్సు అడ్డమొస్తోంది. ఒకటో తేదీ ఫొటో గుర్తొచ్చింది. మూడో తేదీది, పదో తేదీది. వందల ఫొటోలు నేనే కత్తిరించాను, ఒక్కదాంట్లో కూడా బస్సు లేదు. అద్దం ముక్కో, టైరు నీడో, అంతే.

పట్టాభి గారి దగ్గరికి పరిగెత్తి, సార్, ఇక్కడ వెలుతురు మీ వెనకనుంచి వస్తోంది, మొహం నల్లగా పడుతుంది, ఆ సందు మలుపు దాటితే నీళ్ల ట్యాంకు దగ్గర ఎండ చక్కగా ఎదురుగా ఉంటుంది, మీ ఉపన్యాసానికి తగిన స్థలం అన్నాను. ఆయన చెంప తడుముకుని ఒప్పేసుకున్నారు. జోగారావు కూడా ఎండ వైపు చూసి నిజమే అన్నాడు. చక్రపాణి గారు, శాలువా, రిబ్బను, మైకు, కొబ్బరికాయ, ఇద్దరు విలేకర్లు, అందరం ఊరేగింపులాగా సందు మలుపు తిరిగాం. తిరిగేముందు వరహాలు గారి వైపు చూసి తల ఊపాను. ఆవిడకి అర్థమైపోయింది, ఇరవై రెండేళ్ల సర్వీసు.

పట్టాభి గారు నీళ్ల ట్యాంకు ముందు నిలబడి నాలుగో పేజీ మొదలుపెడుతుండగా వెనకనుంచి విజిల్ చిన్నగా వినిపించింది. టైము చూశాను. ఏడుకి ఏడు నిమిషాలు. ఎవరూ తల తిప్పలేదు. తొమ్మిదో పేజీ అయ్యాక పట్టాభి గారు రిబ్బను కత్తిరించి, ఖాళీ రోడ్డు వైపు పచ్చజెండా ఊపారు. అందరూ చప్పట్లు కొట్టారు. అక్కడ బస్సు లేదన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు, ఎందుకంటే అందరూ కెమెరా వైపు చూస్తున్నారు.

ఎనిమిదింటికి పైడితల్లి వార్డులోంచి ఫోన్ చేసింది. వేలు పడిందని, ఏడు ఇరవై తొమ్మిదికి పడిందని, టీ తాగలేదని చెప్పింది.

మర్నాడు ఆ ఫొటో ఎనిమిది పేపర్లలో వచ్చింది. అన్నీ బల్ల మీద పెట్టి నేను పక్కన నిలబడ్డాను. చైర్మన్ గారు కళ్లజోడు సరిచేసుకుని చాలాసేపు చూశారు. పట్టాభి గారు, శాలువా, జెండా, వెనక శుభ్రమైన నీలాకాశం.

"చక్రపాణీ," అన్నారు. "ఇన్నాళ్లకి ఫొటోలో స్పష్టత వచ్చింది. ఇంతకుముందు పక్కన ఏదో అడ్డం వస్తూండేది."

సాయంత్రానికి సర్క్యులర్. "సంఖ్య 38 (డి) ప్రారంభోత్సవము నందు సాధించిన ఛాయాచిత్ర నాణ్యతను దృష్టిలో ఉంచుకొని, ఇకపై ప్రారంభోత్సవ స్థలమునకు రెండు వందల గజముల లోపు మండలికి చెందిన వాహనములేవియు ఉండరాదు."

అంతే, నగరం మొత్తం సర్దుకుంది. డిపో మేనేజర్లు చల్లగా ఊపిరి పీల్చుకుని తమ బస్సుల్ని తమ టైములకి వదిలేశారు. ముఖ్య అతిథులకి శాలువాలు అందుతున్నాయి, పేపర్లకి ఫొటోలు అందుతున్నాయి, ఆకుపచ్చ ట్రే పొంగిపోయి పక్కన ఇంకో ఆకుపచ్చ ట్రే పెట్టారు. చైర్మన్ గారికి ఉత్తమ రవాణా నిర్వహణ పురస్కారం వచ్చింది. దాన్ని అందుకోడానికి ఆయన కారులో వెళ్లారు.

నాకు ప్రమోషన్ వచ్చింది. మెట్టకాలనీ ప్రారంభోత్సవ అధికారిని. రోజూ పొద్దున్న ఆరున్నరకి నీళ్ల ట్యాంకు దగ్గర రిబ్బను కట్టి, ముఖ్య అతిథిని ఎండకి ఎదురుగా నిలబెట్టడం నా బాధ్యత. కార్యక్రమం అయ్యేసరికి ఎనిమిది అవుతుంది, నేను తర్వాతి బస్సులో నిలబడి ఆఫీసుకి వెళ్తాను.

మొన్న ముఖ్య అతిథి నీలాచలం గారు. ప్రజా రవాణాకి తాను చేసిన సేవ గురించి చెప్తున్నారు. సరిగ్గా ఆరు నలభై రెండుకి సందు మలుపులో 38-డి కనిపించింది. డ్రైవర్ నన్ను చూసి చిన్నగా హారన్ కొట్టాడు. రెండో సీటు కిటికీలో పైడితల్లి కూర్చుని ఉంది, పక్క సీట్లో టిఫిన్ సంచీ. సంచీ ఇంకా అక్కడే పెడుతోంది, ఎవరైనా అడిగితే మనిషి ఉందని చెప్తోందట.

హారన్‌కి నీలాచలం గారి మాట తెగిపోయింది. ఆయన చాలా చిరాకు పడ్డారు.

"ప్రారంభోత్సవం జరుగుతుంటే మధ్యలో ఈ బస్సేమిటమ్మా? ఎవరిది?"

తెలీదు సార్, కనుక్కుంటాను అన్నాను.